సున్న కాడ ఊపిరి

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై ఇరవై మూడో రోజున గంగి ఎనిమిది రొట్టెలే కొట్టింది. మామూలు రోజుల్లో అయితే కంపెనీ గెస్ట్‌హౌస్ వంటింట్లో అరవై రొట్టెలు కొట్టాలి. భూపాలపల్లి బొగ్గుబావికి వచ్చిపోయే ఆఫీసర్లు, కొత్త మిషన్ బిగించడానికి వచ్చిన చైనా వాళ్ళు అందరూ ఆ గెస్ట్‌హౌస్‌లోనే తినేవాళ్ళు. బావి మూతపడ్డాక ఒక్కొక్కరే సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. చివరికి మిగిలింది ఇద్దరు. ఒక ముసలి చైనా ఇంజనీరు, ఆయన మాటను హిందీలోకి తిప్పి చెప్పే లిన్ అనే అమ్మాయి.

వంట కూడా బంద్ పెట్టాలా అని గంగి మొదటి రోజే వెళ్ళి రోడ్డవతల సమ్మె టెంటులో అడిగింది. నాయకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోజూ ముందు వరుసలో కూర్చునే లచ్చవ్వ, మొగుడూ కొడుకూ బావిలోనే పనిచేసిన మనిషి, కూర్చున్న చోటు నుంచే తీర్పు చెప్పేసింది.

"ఆకలికి సమ్మె ఉంటదా? పరాయి దేశపు పిల్ల. నువ్వు పొయ్యి ఆర్పకు, పో."

కాబట్టి గంగి పొయ్యి ఆర్పలేదు. జొన్నపిండిలో మసిలే నీళ్ళు పోసి, అరచేతి మడమతో నొక్కి నొక్కి మెదిపి, ముద్ద చేసి, పీట మీద పొడిపిండి చల్లి కొడుతోంది. చేతి దెబ్బకు తగ్గట్టు నోట్లోంచి రాగం వస్తోంది. రొట్టె తిరిగినంత సేపూ రాగం సాగుతుంది. రొట్టెను రెండు చేతుల మీదికి ఎత్తి పెనం మీద వేసేటప్పుడు ఆగిపోతుంది. అక్కడ ఊపిరి బిగబట్టకపోతే రొట్టె విరుగుతుంది. పెనం మీద పడ్డాక మళ్ళీ రాగం.

నాలుగో రొట్టె దగ్గర ఎవరో గడపలో నిలబడ్డట్టు అనిపించి తల ఎత్తింది. సోమనర్సయ్య సార్. జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాడు. పాలకుర్తి మనిషి. సమ్మెలోకి దిగిన దగ్గర్నుంచీ టెంటులో మైకు ఆయన చేతిలోనే ఉంటోంది. రేపు రోడ్డు మీద వంటావార్పు ఉంది, పెద్ద గంజు అడుగుదామని వచ్చాడు. వచ్చిన పని మరిచిపోయి మూల ఉన్న గంజు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఆపకు గంగీ. గిదేం పాట?"

"పాట గాదు సార్. ఢావ్లో. మా తండల పిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు ఏడుస్తది చూడుండ్రి, గది."

"ఏడుపా?"

"ఏడుపే. గని నేర్పుతరు. పెండ్లి నెల రోజులున్నదనంగ ముసలోళ్ళు కూసుండబెట్టి నేర్పుతరు. ఒక్కొక్కల మెడ పట్టుకోని, ఆళ్ళకు తగ్గ మాట ఆళ్ళకు కట్టి ఏడ్వాలె. నాయినకు నాయిన మాట, అవ్వకు అవ్వ మాట. బర్రె మెడ పట్టుకుంటే బర్రె మాట. సరిగ ఏడుస్తలేనని మా యాడి, గదే మా అవ్వ, కొట్టింది గూడ."

"కొడితే ఏడుపు రాకపాయెనా?"

"వచ్చింది సార్. రాగం తప్పింది."

సోమనర్సయ్య పగలబడి నవ్వాడు. నవ్వుతూనే చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మడతల దగ్గర చిరుగుపట్టింది. ఆదివారం జనగామలో ధూంధాం పాటల సభ ఉందనీ, దాని కోసం రాసిన పాటకు రాగం దొరక్క నెల నుంచి కాగితం జేబులోనే నానుతోందనీ చెప్పాడు. గొంతు సవరించుకుని చదివాడు.

"కడలి కన్నా కడగండ్లు కన్న కన్నతల్లీ... సూసినవా, ఒక్క పాదంల ఐదు కకారాలు! గీ రాగం గిస్తే గీ పాట జనగామ దాటి ఢిల్లీల ఇనవడ్తది. ఇస్తవా?"

"రాగం నాదా సార్, ఇయ్యనీకి? తీసుకోండ్రి."

ఆయన ఒక గంజు అడిగితే గంగి రెండు ఇచ్చింది. మూతలు కూడా ఇచ్చింది.

ఆయన వెళ్ళాక ఐదో రొట్టె కాస్త మాడింది. రాగం జనగామ పోతుందంటే తనూ పోతుందనే గంగి అనుకుంది. రాగానికి గొంతు ఉండాలి కదా, ఆ గొంతు తనదే కదా. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించాక, వెనక గదిలో ఇనప్పెట్టె తెరిచి, గూడూరు దగ్గరి తండా నుంచి తెచ్చుకున్న వాళ్ళమ్మ అద్దాల పైట తీసి దండెం మీద ఎండకు వేసింది. ఒక్కో అద్దం మీద ఎండ పడి, ఎదురు గోడంతా చిన్న చిన్న వెలుగు చుక్కలు పరుచుకున్నాయి. టీ కోసం వచ్చిన లిన్ వాటిని చూసి, ఆ చుక్కల్లో చెయ్యి పెట్టి ఆడుకుంది.

మర్నాడు సోమనర్సయ్య ఒక్కడే రాలేదు. వెంట ఇరవై ఏళ్ళ పిల్లను తీసుకొచ్చాడు. పేరు శిరీష. హనుమకొండలో నాలుగేళ్ళు సంగీతం నేర్చుకుందట. సన్నగా, గాజుల చప్పుడు కూడా కాకుండా నడిచే పిల్ల.

"గంగీ, గీ బిడ్డకు నేర్పు. రేపటికల్లా వచ్చేయాలె."

గంగి చేతికి అంటిన పిండి తుడుచుకుంది. పిల్లను చూసింది. సార్‌ను చూసింది.

"గీమె పాడుతదా సార్?"

"మరి? రేడియోల గూడ పాడింది."

అడగాలా వద్దా అని గంగి కాసేపు పిండి వైపే చూసింది. తరవాత నెమ్మదిగా అంది. "నేను పాడుత సార్. నాకు మైకంటే భయం లేదు."

సోమనర్సయ్య మంచివాడు. కసిరి మాట్లాడే మనిషి కాదు. పక్కన కూర్చుని చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"నీ గొంతు బంగారం గంగీ. గని నీకు తెలుగు నోరు తిరుగది. 'కడగండ్లు' అను చూద్దాం."

"కడగొండ్లు."

"సూసినవా? వేలమంది ఉంటరు. ఎవడో ఒకడు నవ్వుతడు. నవ్వితే నువ్వు చిన్నబుచ్చుకుంటవు. ఎందుకు చెప్పు గా పరేషాన్?"

గంగి తల ఊపింది. శిరీష నేల వైపు చూసింది. సార్ టెంటుకు వెళ్ళిపోయాడు.

నేర్పడం మాత్రం గంగి మనసు పెట్టి నేర్పింది. సగం దాచుకుని సగం ఇచ్చే అలవాటు ఆమెకు లేదు. పిల్ల గొంతు తేనెలాగా ఉంది. ఒకసారి వింటే చాలు, పట్టుకుంటుంది. కానీ రాగం తిరిగే చోట, గంగి ఆగే చోట, శిరీష ఆగడం లేదు. సార్ రాసిన పాదం ఆ చోట కూడా నడుస్తూనే ఉంది. పాదంలో మాటలు అన్ని ఉన్నాయి మరి. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆ పిల్లకే తెలియాలి.

"గీడ ఆగాలె బిడ్డా."

"ఆగితే మాట తెగుతదక్కా. 'కడగం' అని ఆగి 'డ్లు' అంటే మంచిగుంటదా?"

గంగి పీటను ఆ పిల్ల వైపు జరిపింది. "అయితే రొట్టె కొట్టు. నీకే తెలుస్తది," అంది.

శిరీష పీట ముందు కూర్చుని కొట్టింది. రొట్టె ఒకవైపు పలచగా, ఒకవైపు మందంగా సాగి చివరికి మూడు మూలలు తేలింది. ఎత్తేసరికి నడుమ చీలింది. ఇద్దరూ నవ్వుకున్నారు. విరిగిన ముక్కనే పెనం మీద కాల్చి, ఉల్లిగడ్డ కారం పెట్టి గంగి ఆ పిల్లకు తినిపించింది.

"మీ అత్త ఏడుస్తది పో," అంది.

"మా అత్త ఏడ్వనీకి ఇప్పటి నుంచే నేర్చుకోమందాం," అంది శిరీష నోటి నిండా రొట్టెతో.

సాయంత్రం టెంటులో మైకు మోగింది. రోడ్డవతలి మాట వంటింట్లోకి స్పష్టంగా వినిపిస్తుంది. సోమనర్సయ్య సార్ రోజూ చెప్పే ముచ్చటే చెబుతున్నాడు. చదువుకునే రోజుల్లో కోస్తా కాలేజీకి వెళ్ళి, తరగతిలో లేచి పద్యం చదివితే, 'నీదీ ఒక తెలుగేనా' అని బెంచీలు బెంచీలే నవ్వాయట. ఆ రోజు హాస్టల్లో అన్నం తినలేదట. "నాకు గొంతు లేకనా? నాకు పద్యం రాకనా? నా నాలుక మీద నా ఊరున్నదని నవ్విన్రు!" టెంటంతా అయ్యయ్యో అంది. గంగి మాడిన పెనాన్ని ఇటుకపొడి వేసి తోముతోంది. ఆ మాట దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆపింది. మళ్ళీ తోమింది. పెనం కన్నా ఎక్కువగా తన గోరే అరిగింది.

దండెం మీది పైట తీసి మడత పెడుతుంటే లిన్ వరండాలోంచి పాట మొదలుపెట్టింది.

గంగి బయటికి వచ్చింది. లిన్ నిటారుగా నిలబడి ఉంది. రెండు చేతులూ బొడ్డు దగ్గర ఒకదానిలో ఒకటి వేసుకుంది. చూపు ఎదుటి నీలగిరి చెట్ల మీద. గొంతు పెద్దది కాదు. ఒక్కో మాటనూ గుడ్డును గంపలో పెట్టినట్టు మెల్లిగా పెడుతోంది. పెట్టి చెయ్యి తీసేస్తోంది. అక్కడ ఏమీ ఉండదు. కుడిచేతి వేళ్ళు మాత్రం ఎడమచేతి మీద ఏదో వాయిస్తున్నట్టు కదులుతాయి. తరవాత ఇంకో మాట.

అయిపోయాక గంగి మెట్టు మీద కూర్చుంది. లిన్ హిందీ పుస్తకాల్లో నేర్చుకున్నది. గంగి తండా మాట దానికి దూరపు చుట్టం. ఈ గెస్ట్‌హౌస్‌లో లిన్ మాట అందరికన్నా బాగా గంగికే అర్థమయ్యేది. ఆఫీసర్లకు కూడా అది వింతగానే ఉండేది.

"ఎవలను చూసి పాడినవు?" అని అడిగింది గంగి.

"ఎవరినీ కాదు. ఈ పాటలో ఎవరూ రారు. అదే పాట."

లిన్ అర్థం చెప్పింది. వాగు పక్కన ఒంటరిగా ఉన్న మనిషి. తలుపు చప్పుడైతే ఎవరో వచ్చారని లేచాడు. తీస్తే ఎండుటాకు. బయట చలిగా ఉందని దాన్నే లోపలికి తెచ్చి కూర్చోబెట్టాడు. అంతే. పద్యం పాతది, కొన్ని వందల ఏళ్ళ నాటిది. రాగం మాత్రం లిన్ తాతల కాలంది. అప్పట్లో సంగీతం మాస్టర్లు కొందరు సముద్రాలు దాటి వెళ్ళి పియానో నేర్చుకుని వచ్చారట. వచ్చి, తమ పద్యాలకు తమ రాగాలు కట్టారట. ఒక పద్యం, ఒక గొంతు, ఒక పియానో. డప్పులుండవు, గుంపుండదు.

"మా పంతులమ్మ చాలా కోపిష్ఠి. రాగం కోసం మాటను మింగితే వేళ్ళ మీద కొట్టేది. మా భాషలో మాట పైకో కిందికో జారితే ఇంకో మాట అయిపోతుంది. అందుకని రాగం ఒక్క అడుగు వెయ్యాలన్నా ముందు పద్యాన్ని అడగాలి అనేది."

"మా యాడి గూడ కొట్టింది," అంది గంగి.

ఇద్దరూ తమను కొట్టిన వాళ్ళను తలుచుకుని కాసేపు నవ్వుకున్నారు. నవ్వు తగ్గాక లిన్ గంగి భుజం మీద వేలితో పొడిచింది. రోజూ రొట్టెల దగ్గర వినే పాట ఇప్పుడు పాడమంది. చెయ్యి ఊరికే ఉంటే రాదని గంగి ఒళ్ళో ఉన్న పైట మడత మీదే అరచేత్తో కొడుతూ పాడింది. లిన్ లోపలికి పరిగెత్తి నోటుపుస్తకం తెచ్చి, గీతలు లేని పేజీలో అంకెలు వేయడం మొదలుపెట్టింది.

గంగి ఐదో తరగతి దాకా చదివింది. అంకెలు తెలుసు. మూడు, రెండు, ఒకటి, కింద చుక్క పెట్టిన ఆరు. అంకెల కింద చిన్న గీతలు. ఒక్కో వరుస చివర సున్న. కొన్ని చోట్ల రెండు సున్నలు.

"గిదేంది?"

"నీ పాట. మా దేశంలో ఇలా రాసుకుంటాం. ఒకటి నుంచి ఏడు దాకా స్వరాలు."

"గీ గుండు సున్న?"

"నువ్వు ఆగిన చోటు. ఊపిరి చోటు. అది లేకుండా రాస్తే నీ పాట కాదు." లిన్ పెన్ను కాగితం పైన పెట్టి ఆగింది. "మా పాటల మీద రెండు పేర్లు రాస్తాం. పద్యం ఎవరిది, రాగం ఎవరిది. ఇక్కడ ఎవరి పేరు రాయను?"

గంగి ఆలోచించింది. యాడి పేరు చెప్పబోయింది. యాడికి నేర్పిన వాళ్ళు ఇంకొకరుంటారు కదా అనిపించింది. "ఎవలదని రాస్తవు తియ్యి," అంది. లిన్ ఒప్పుకోలేదు. గంగి పేరును తన లిపిలో రెండు గదులు కట్టినట్టు రాసింది. ఇంకో కాగితం మీద అంతా ఎత్తి రాసి గంగి చేతికిచ్చింది.

మూడో రోజు పొద్దున టెంటులో పాట పాడి చూసుకున్నారు. టెంటులో డప్పు కొట్టే ఐలేశ్ దాన్ని మంట మీద కాచుకుని వచ్చాడు. ఇంకెవరో హార్మోనియం పట్టుకున్నారు. శిరీష మైకు ముందు నిలబడి పాడింది. గొంతు బాగుంది. డప్పు బాగుంది. ఐదు కకారాలూ టకటకా పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో మర్యాద ఎక్కువ ఉంది. సోమనర్సయ్యకు అది తెలిసింది. తెలిసి, లచ్చవ్వ వైపు చూశాడు.

"ఏమవ్వా, ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది బిడ్డా. గని ఇంటాంటె నాకే ఆయాసమొస్తున్నది. గా పిల్లను జర కూసుండబెట్టి మంచినీళ్ళియ్యుండ్రి."

అందరూ నవ్వారు. సోమనర్సయ్య కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. వంటావార్పుకు ఇచ్చిన గంజులు తీసుకుపోవడానికి వచ్చిన గంగి అప్పటిదాకా గుంజ పక్కన నిలబడి ఉంది. కొంగు ముడి విప్పి, కాగితం తీసి ఆయన ముందు పెట్టింది.

"గిది లీనమ్మ రాసింది సార్. నేను పాడినట్టే రాసింది. గీ సున్నలున్న కాడ ఊకోవాలె. మీరు సున్నలల్ల గూడ మాటలు పోసిన్రు."

సోమనర్సయ్య కాగితాన్ని ఇటూ అటూ తిప్పాడు. పైన ఉన్న రెండు గదుల లిపిని చూశాడు. కింద అంకెల వరుసలు చూశాడు.

"సున్నంటే ఏం లేనట్టే కదనే. ఏం లేని కాడ ఏమన్న పెడితే తప్పేంది?"

గంగి ఒక సున్న మీద వేలు పెట్టింది. అప్పుడే రోడ్డవతల జీపు హారన్ కొట్టింది.

లిన్ వాళ్ళను హైదరాబాద్ రమ్మని కబురు వచ్చిందట. సమ్మె ఎప్పటికి తెగుతుందో తెలియదు, అక్కడి నుంచి వాళ్ళ దేశమే పంపిస్తారేమో. ముసలి ఇంజనీరు అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. లిన్ గేటు దగ్గర నిలబడి టెంటు వైపు చూస్తోంది. జనంలో గంగిని వెతుకుతోంది.

గంగి గంజులు అక్కడే వదిలి రోడ్డు దాటింది. ఏదో చెబుదామనే వెళ్ళింది. రెండు చేతులూ ఎత్తి ఆ పిల్ల మెడ చుట్టూ వేసింది. గొంతు దానంతట అదే మొదలైంది.

పద్దెనిమిదేళ్ళ కిందట తండాలో చివరిసారి ఏడ్చిన ఏడుపు అది. కానీ మాటలు కొత్తవి. మిరపకాయను చూపించి పేరేందని అడిగిన పిల్లా. ఉప్పు లేని కూరను కూడా బాగుందని తిన్న పిల్లా. గోడ మీది వెలుగు చుక్కలతో ఆడుకున్న పిల్లా, మీ ఇంటి తలుపు తడితే ఆకు కాకుండా మనిషే రావాలె. ఒక్కో మాట తరవాత ఊపిరి తెగుతుంది. ఆ తెగిన చోట ఏమీ లేదు. లిన్ వీపు ఎగసిపడటం తప్ప. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. టెంటులో మైకు పట్టుకున్నవాడు మైకు దించాడు. తండా భాషలో గంగి కట్టే మాట అక్కడ ఎవరికీ అర్థం కాదు. వెనక వరుసల్లో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. లచ్చవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియకుండానే.

జీపు వెళ్ళిపోయింది. గంగి మొహం తుడుచుకుని గంజుల కోసం వెనక్కి వచ్చింది. టెంటులో వాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. సోమనర్సయ్య బల్ల మీద తన కాగితమూ, అంకెల కాగితమూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పెన్ను మూత తీసి 'కడగండ్లు' కొట్టేశాడు. కాసేపు చూసి 'కడలి కన్నా' కూడా కొట్టేశాడు. ఆయన తను రాసినవాటిలో ఒక్క అక్షరమైనా కొట్టేయడం ఆ టెంటులో ఎవరూ ఎన్నడూ చూడలేదు. కొట్టుకుంటూ పోయి, చివరికి తలెత్తాడు.

"గంగీ, ఇగ దీంట్ల నాది మిగిలింది 'తల్లీ' అన్న ఒక్క మాటే. గదీ నీ భాషల 'యాడి' అనుకో. నువ్వే పాడు. ఆదివారం జనగామకు నువ్వే రావాలె."

"జనం నవ్వుతరు సార్."

ఆయన రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు.

"నవ్వనీ. గిన్ని రోజులు నన్ను చూసి నవ్విన్రని చెప్పుకుంట తిరిగిన. నిన్న నీ వంటింట్ల కూసోని నేను జేసింది ఏంది?"

గంగి గంజు అంచు పట్టుకుని ఆలోచిస్తోంది. ఆమెకు కావలసింది దొరికింది. కానీ ఇంకో చిక్కు కనబడింది.

"పాడుత సార్. గని ఎవల మెడ పట్టుకోని పాడాలె?"

"మెడ ఎందుకు? మైకుంటది కద."

"మైకు మెడ పట్టుకుంటే రాదు సార్. ఢావ్లో మనిషి మెడ పట్టుకుంటేనే వస్తది. మాటలు గా మనిషిని బట్టే వస్తయి."

సార్ మైకు వైపు ఒకసారి చూశాడు. తన మెడ తడుముకున్నాడు. ఐలేశ్ డప్పు వెనక నవ్వు దాచుకున్నాడు. అప్పుడు శిరీష, రెండు రోజుల్లో మొదటిసారి, సార్ మాట్లాడుతుండగా మధ్యలో మాట్లాడింది.

"నా మెడ పట్టుకో అక్కా."

ఆదివారం వాళ్ళు రఘునాథపల్లి దాటేసరికే రోడ్డు పక్క జెండాలు మొదలయ్యాయి. జనగామ మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. గంగి అద్దాల పైట వేసుకుంది. వేదిక కింద నిలబడితే ఆమె చుట్టూ ఉన్న వాళ్ళ చొక్కాల మీద వెలుగు చుక్కలు కదిలాయి. పాటల వరుస చదివే కుర్రవాడు చేతిలో చీటీ పట్టుకుని వచ్చాడు. నాలుగు రోజుల కిందట సార్ రాసిచ్చిన చీటీ అది. 'రచన సోమనర్సయ్య, గానం శిరీష.' సోమనర్సయ్య దాన్ని తీసుకుని, రెండు పేర్లూ కొట్టేసి 'గంగి' అని రాశాడు. రాసి, కొంచెం ఆలోచించి, పక్కన ఆ రెండు గదుల లిపిని కూడా చూసి గీయబోయాడు. కుదరలేదు. వదిలేశాడు.

వేదిక మీద శిరీష జనానికి వీపు పెట్టి నిలబడింది. నాలుగేళ్ళు సంగీతం నేర్చుకున్న పిల్లకు అలా నిలబడటం ఎంత కొత్తో మెడ బిగువు చూస్తే తెలుస్తుంది. గంగి ఎదురుగా వచ్చి రెండు చేతులూ ఆ మెడ చుట్టూ వేసింది. జనానికి గంగి మొహం ఒక్కటే శిరీష భుజం మీదుగా కనబడింది. ముందు వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సోమనర్సయ్య రెండడుగులు వేసి మైకును ఆ రెండు తలల మధ్య పట్టుకున్నాడు. ఇక ఆయన పని అదే.

గంగి ఎత్తుకుంది. మొదటి పాదం తిరిగి ఆగింది. ఆ సున్నలో సోమనర్సయ్య పెదవులు అలవాటు కొద్దీ విచ్చుకున్నాయి. ఏదో ఒకటి అందివ్వాలనిపించింది. పళ్ళు బిగబట్టి మూసుకున్నాడు. మైదానం అంచున ఉన్న చాయ్ బండి దగ్గర గ్లాసులు కడిగే చప్పుడు వినిపించింది. అంత జనంలో ఆ చప్పుడు వినిపించింది. రెండో పాదానికి కిసుక్కుమన్న చోట కూడా నిశ్శబ్దమే. మూడో పాదంలో 'యాడి' అన్న మాట వచ్చింది, ఆ ఒక్క మాటనూ అందరూ పట్టుకున్నారు. ఐలేశ్ డప్పును నేల మీద బోర్లించేశాడు.

దిగి వస్తుంటే ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు గంగి చేతులు పట్టుకున్నారు. ఒకామె, తన బిడ్డను పోయిన ఏడు మహబూబాబాద్ ఇచ్చామని చెప్పి ఏడ్చింది. ఇంకొకామె ఏమీ చెప్పకుండానే ఏడ్చింది. సోమనర్సయ్య అందరికీ దారి చేస్తూ, మొహం అటు తిప్పుకుని, కండువాతో కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నాడు.

తిరుగు దారిలో జీపు వెనక చెక్క మీద ముగ్గురూ కూర్చున్నారు. పత్తి చేలు ఇరువైపులా వెనక్కి పోతున్నాయి. శిరీష భుజం ఇంకా తడిగానే ఉంది. రఘునాథపల్లి దగ్గర శిరీష ఉండబట్టలేక అడిగింది.

"అక్కా, నా మెడ పట్టుకోని ఏమని పాడినవు? నాకు యాడి అన్నదొక్కటే తెలిసింది. గంతమంది ఏడ్చిన్రు."

గంగి పైట సర్దుకుంది.

"చెప్తే నవ్వొద్దు."

"నవ్వనక్కా."

"మూడు మూలల రొట్టె కొట్టిన బిడ్డా అన్న. గా రొట్టె అత్తగారింట్ల ఎవలు తింటరు బిడ్డా అన్న. మీ యాడి నీకు పాట నేర్పింది గని రొట్టె నేర్పకపాయె బిడ్డా అన్న."

శిరీష నోరు తెరిచింది. సోమనర్సయ్య కూడా తెరిచాడు. మైదానం నిండా జనం ఆ రొట్టె కోసం ఏడ్చారు. కళ్ళజోడు తుడుచుకున్న తనూ ఆ రొట్టె కోసమే ఏడ్చాడు. ముందుగా ఐలేశ్ డ్రైవర్ పక్క నుంచి పకపకా నవ్వాడు. శిరీష నవ్వనని మాట ఇచ్చింది కాబట్టి పెదవి కొరుక్కుంది. కొరుక్కుని, కొరుక్కుని, తల వంచి గంగి భుజం మీద పెట్టేసింది. అది నవ్వో ఏడుపో గంగి అడగలేదు. పిల్ల వీపు మీద అరచేత్తో మెల్లగా కొట్టసాగింది, పీట మీద పిండిని కొట్టినట్టే.

సోమనర్సయ్య జేబులోంచి పెన్ను తీశాడు. ఆ మూడు మాటలూ రాసుకుందామని కాబోలు, మూత కూడా తీశాడు. గంగి చెయ్యి ఆ వీపు మీద ఒకచోట ఆగింది. ఆయన ఆ సున్నను చూశాడు. పెన్నుకు మూత పెట్టేసి, చెయ్యి మళ్ళీ కదిలేదాకా ఎదురుచూశాడు.